వానొస్తుందని అనుమానం

అయోవా
16 సెప్టెంబరు 1973

ప్రియమైన అత్తయ్యకు,

క్షేమంగా చేరాను. మీరు కట్టిచ్చిన బానక్ రొట్టె షికాగో దాకా వచ్చింది. అక్కడ సుంకం అధికారి పొట్లం విప్పి ఇదేమిటని అడిగాడు. రొట్టె అంటే నమ్మలేదు. చివరికి వాసన చూసి వదిలేశాడు. సగం అక్కడే బల్ల మీద కూర్చుని తిన్నాను.

ఇక్కడ కొండ అన్నది లేదు. కన్ను ఎక్కడా ఆగదు. మొక్కజొన్న, దాని వెనక మొక్కజొన్న. విశ్వవిద్యాలయం మన సెల్‌కర్క్ ఊరి కంటే పెద్దది. నేల మాత్రం అద్భుతం. మోచెయ్యి లోతు తవ్వినా నల్లగానే ఉంటుంది. ఇలాంటి నేల మీద చదువు రాకపోతే తప్పు నాదే.

వచ్చిన మొదటి వారం ఒక పొరపాటు చేశాను. ఇక్కడ ప్రతివాళ్ళూ ‘ఎలా ఉన్నారు’ అని అడుగుతారు. నన్నూ అడిగారు. మార్చిలో నా భార్య పోయింది, నిద్ర సరిగ్గా పట్టడం లేదు, అని చెప్పాను. అడిగినతను ఎర్రబడి పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇంకో ఇద్దరి దగ్గరా ఇలాగే అయ్యాక తెలిసింది, అది ప్రశ్న కాదని. ఇప్పుడు ‘బాగున్నాను’ అంటున్నాను. వాళ్ళకీ హాయిగా ఉంది.

ప్రొఫెసర్ తనని డ్వైట్ అని పిలవమన్నాడు. నేను పిలవలేను. ఏ పేరూ లేకుండానే మాట్లాడుతున్నాను.

మనం అనుకున్నదాంట్లో మార్పేమీ లేదు. ఇప్పుడు నాది ఒంటరి మగవాళ్ళ గది, పిల్లని ఉంచనివ్వరు. కొత్త సంవత్సరానికి ఇల్లు సంపాదించి యూనాని తెచ్చుకుంటాను. ఈ సీటు ఇష్‌బెల్ బతికుండగా వచ్చింది. ముగ్గురం రావాలనుకున్నాం. ఇద్దరమైనా ఉండాలి.

యూనాకి ముద్దులు.

ఇట్లు
మీ అల్లుడు
హ్యూ

*

సెల్‌కర్క్
7 అక్టోబరు

ప్రియమైన హ్యూకి,

నీ ఉత్తరం అందింది. యూనాకి రెండుసార్లు చదివి వినిపించాను. అయోవాలో కొండల్లేవని వినగానే, మరి గొర్రెలెక్కడ నిలబడతాయి అని అడిగింది. నాకు తెలీదు, మీ నాన్ననే అడుగు అన్నాను. కాబట్టి ఈసారి రాసేటప్పుడు ఆ సంగతి రాయి.

పిల్ల బాగానే ఉంది. కింది పన్ను ఊడింది. వాళ్ళమ్మ చిన్నప్పటి మంచం మీదే పడుకుంటానంటుంది. ఆ మంచం కిర్రుమంటుంది. పక్కగదిలో ఆ చప్పుడు వింటుంటే ఒక్కోసారి నాకు ఏ సంవత్సరమో తెలియదు.

బేకరీ దగ్గర నీ గురించే మాట. పెళ్ళాం పోయి ఆర్నెల్లు కాలేదు, సముద్రం దాటేశాడని. చదువుకోవడానికి వెళ్ళాడు అన్నాను. ముప్పై నాలుగేళ్ళకి ఇంకా ఏం చదువు అన్నది ఎఫీ లిడర్‌డేల్. నువ్వు చదువుకుని ఉంటే నీకు తెలిసేది అన్నాను. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు, ప్రాణానికి సుఖంగా ఉంది.

ఒక మాట చెప్పనీ. నీకు ఇల్లు దొరకాలని కోరుకుంటాను. దొరక్కపోతే బాగుండునని కూడా అనిపిస్తుంది. రెండూ నిజమే. ఈ వయసులో దాచడమెందుకు. కానీ అడిగిన రోజున పిల్ల మంచే చెబుతాను, నా మంచి కాదు. అది నమ్ము.

రేపు వానొస్తుందని అనుమానం. దుప్పట్లు ఇవాళే ఉతికి ఆరేశాను.

మీ అత్త
గ్రిజెల్

*

అయోవా
11 నవంబరు

ప్రియమైన అత్తయ్యకు,

గొర్రెలు ఇక్కడ చదునుగానే నిలబడతాయని యూనాతో చెప్పండి. వాటికి కొండ అంటే ఏమిటో తెలియదు కాబట్టి బెంగ లేదు.

పెళ్ళయిన విద్యార్థులకి ఇక్కడ వేరే ఇళ్ళున్నాయి. యుద్ధకాలంలో సైనికులకి కట్టిన రేకుల గుడిసెలు. లోపల వెచ్చగా ఉంటాయట. వాటిని పంచే ఆఫీసులో మిసెస్ లిండ్‌క్విస్ట్ అనే ఆవిడ ఉంది. మంచి మనిషి. పెళ్ళయిందా అని అడిగింది. అయింది అన్నాను. మీ భార్య ఎక్కడున్నారు అంది. సెల్‌కర్క్‌లో, అన్నాను. తర్వాత వివరించాల్సి వచ్చింది.

వాళ్ళ నిబంధనల్లో పెళ్ళయినవాడున్నాడు, కానివాడున్నాడు. నాలాంటి వాడు లేడు. తల్లి లేని పిల్లని ఒంటరి మగవాడు పరాయి దేశంలో చూసుకోగలడా అని వాళ్ళ కమిటీకి సందేహం. ఇప్పుడు పిల్లని పెంచుతున్నవారు ఒక్కమాట చెబితే చాలునన్నారు. ఆవిడ ఈ నెలాఖర్లో మీకు ఫోన్ చేస్తుంది. ఇష్‌బెల్ జబ్బులో పెట్టించిన ఫోన్ నంబరే ఇచ్చాను. మీకు ఏమనిపిస్తే అదే చెప్పండి. ఇంకేమీ అడగను.

నా చేత మొదటి ఏడాది పిల్లల జవాబు పత్రాలు దిద్దించారు. బాగా రాశారని అరవై, అరవై ఐదు వేశాను. మర్నాడు సగం తరగతి నా గది ముందు నిలబడింది. ఒకమ్మాయి ఏడుస్తోంది. ఇక్కడ అరవై ఐదంటే తప్పినట్టే లెక్కట. మన దగ్గర అరవై ఐదు వస్తే ఇంట్లో కేకు చేస్తారు కదా, అన్నాను. డ్వైట్ చాలాసేపు నవ్వాడు. అన్నీ మళ్ళీ దిద్దాను.

ఇష్‌బెల్ ఉంటే ఈ సంగతికి పడీపడీ నవ్వేది.

మీ అల్లుడు
హ్యూ

*

అయోవా
14 డిసెంబరు

గ్రిజెల్ రేబర్న్ గారికి,

కుదరదన్నారు.

మిసెస్ లిండ్‌క్విస్ట్ నన్ను లోపలికి పిలిచి, తలుపు వేసి చెప్పింది. ‘పిల్ల అమ్మమ్మ గారితో మాట్లాడాను. మీ దగ్గర బాగుంటుందంటే ఆవిడకి అనుమానమేనట. పెంచుతున్న మనిషే అలా అన్నాక మేమేం చేస్తాం?’

ఆవిడ ఆ మాటే అన్నదా అని అడిగాను. అనుమానం అనే అన్నది, రెండుసార్లు అన్నది, అని చెప్పింది. అది మీ మాటే. ఇక్కడెవరూ కల్పించలేరు.

మీకు నా మీద కోపం ఉంటే నాతో అనాల్సింది. నేను తొందరపడి వచ్చేశానని ఊరంతా అన్నట్టే మీరూ అనుకున్నారేమో. అదే రాసి ఉంటే చదువుకుని ఊరుకునేవాణ్ణి. నాకు ఉత్తరాల్లో మంచిగా రాసి, ముక్కూ మొహం తెలియని మనిషితో ఫోన్‌లో నా మీద ఆ మాట అన్నారు.

ఎందుకన్నారో నాకు అర్థమైంది. ఇష్‌బెల్ ఖాళీ చేసిన మంచం మీద నా కూతుర్ని పడుకోబెట్టుకున్నారు. అక్కణ్ణుంచి లేవనివ్వరు. అది మీ కూతురు కాదు. మీకు ఉన్నది ఒక్కతే. పోయింది.

యూనాకి కార్డు వేరే కవరులో పంపాను. దానికే ఇవ్వండి.

హ్యూ

*

సెల్‌కర్క్
31 డిసెంబరు

హ్యూకి,

ఇవాళ ఇల్లంతా కడిగాను. పొయ్యిలో బూడిద ఎత్తి బయట పోశాను. పాత ఏడాది మురికి కొత్త ఏడాదిలోకి పోనివ్వం కదా. నీ ఉత్తరం ఒక్కటే మిగిలింది. అందుకని రాస్తున్నాను.

ఆ మనిషి నవంబరు చివర్లో ఫోన్ చేసింది. ‘గ్రిజెల్, ఎలా ఉన్నారు’ అంది. ఈ వీధిలో నలభై ఏళ్ళుగా ఉంటున్న వాళ్ళు కూడా నన్ను మిసెస్ రేబర్న్ అనే అంటారు. పోనీలే, వాళ్ళ పద్ధతి అనుకున్నాను. పిల్ల గురించి అడిగింది. ఏం తింటుంది, బడికి ఎలా వెళ్తుంది, రాత్రిళ్ళు ఏడుస్తుందా. అన్నీ చెప్పాను. ఆఖరికి అసలు సంగతి అడిగింది. తండ్రి దగ్గర పిల్ల బాగుంటుందా అని.

‘తండ్రి దగ్గరే బాగుంటుందని నా అనుమానం’ అన్నాను.

ఏమన్నారు అని మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాను. అది నోట్లోంచి రావడానికి ముందు నేను అక్కడున్న కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది. ఎందుకంటే అది నిజమని నాకు తెలుసు. తెలిసి, నా నోటితోనే దాన్ని నీకిచ్చేశాను. ఇంతకంటే తేటగా ఏ మనిషి చెబుతుంది? ఇంకేమనాలి నేను?

మర్నాడు గాలాషీల్స్ వెళ్ళి దానికి కోటు కొన్నాను. మీ మంచుకి పనికొచ్చేలా దళసరిది, వచ్చే ఏడాదికి కూడా సరిపోయేలా ఒక సైజు పెద్దది. పిల్ల బడిలో అందరికీ చెప్పుకుంది. టీచరు గోడ మీది పటంలో అయోవా చూపించిందట. నీ ఉత్తరం వచ్చాక, అమెరికా వాళ్ళు కుదరదన్నారని చెప్పాను. ఎవరి మాట విని కాదన్నారో చెప్పలేదు, ఎందుకంటే నీ లెక్కలో ఆ మాట నాది. పిల్ల ‘నన్ను చూడకుండానే వద్దన్నారా’ అని అడిగింది.

నాకు ఒక్కతే ఉండేదని, పోయిందని నువ్వు రాసి పంపక్కర్లేదు. నీ కార్డు విప్పకుండానే యూనాకిచ్చాను.

గ్రిజెల్ రేబర్న్

*

అయోవా
8 జనవరి 1974

ప్రియమైన అత్తయ్యకు,

మీ ఉత్తరం ప్రయోగశాల మెట్ల మీద నిలబడి చదివాను. మీరు ఫోన్‌లో అన్న మాట దగ్గర ఆగిపోయాను. అక్కణ్ణుంచి నేరుగా మిసెస్ లిండ్‌క్విస్ట్ దగ్గరికి వెళ్ళాను.

‘రేపు మంచు పడుతుందని నాకు అనుమానం’ అన్నాను. ‘అంటే ఏమని అర్థం?’

‘పడదని’ అంది.

‘మా ఊళ్ళో పడుతుందని’ అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

అత్తయ్యా, ఇక్కడివాళ్ళకి అనుమానమంటే కాదని. మనకి దాదాపు అవునని. వానొస్తుందని అనుమానం అని మీరంటే నేను గొడుగు తీస్తాను. మిసెస్ లిండ్‌క్విస్ట్ గొడుగు ఇంట్లో పెట్టి బయల్దేరుతుంది. మాట ఒకటే. మీరు పిల్లని ఇచ్చారు. ఆవిడకి ఇవ్వనన్నట్టు వినిపించింది.

ఆవిడ సంగతి సరే. నేను పుట్టినప్పట్నుంచి ఆ మాట వింటున్నాను. మా అమ్మా అలాగే అనేది, ఇష్‌బెల్ అలాగే అనేది. వచ్చి నాలుగు నెలలే అయింది. అంతలోనే మిమ్మల్ని ఇక్కడివాళ్ళ చెవితో విన్నాను. నా డిసెంబరు ఉత్తరం పొయ్యిలో వేయండి. రాసిన చెయ్యి నాదే, కాదనను.

కమిటీ ఈ నెలాఖరులో మళ్ళీ కూర్చుంటుంది. వాళ్ళకి నా వివరణ చాలదు, ఇల్లు కావలసినవాణ్ణి నేనే కాబట్టి. మిసెస్ లిండ్‌క్విస్ట్ పదిహేడో తేదీ గురువారం మీకు మళ్ళీ ఫోన్ చేస్తుంది. అదే ప్రశ్న అడుగుతుంది. ఈసారి ‘అవును’ అనండి. ఆ ఒక్కమాట చాలు. ఇల్లు సిద్ధంగా ఉంది, వెళ్ళి చూసొచ్చాను. కిటికీ కింద పిల్ల మంచం పట్టేంత చోటుంది.

యూనాతో చెప్పండి, దాన్ని ఎవరూ వద్దనలేదని.

మీ అల్లుడు
హ్యూ

*

సెల్‌కర్క్
20 జనవరి

హ్యూకి,

బొగ్గు చాలక ఇక్కడ మిల్లులు వారానికి మూడు రోజులే నడుస్తున్నాయి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇది కొవ్వొత్తి వెలుగులో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

గురువారం ఫోన్ వచ్చింది. ‘మిసెస్ రేబర్న్’ అంది ఈసారి. నువ్వు నేర్పినట్టున్నావు. పాపం చాలా నెమ్మదిగా, చెవిటిదానితో మాట్లాడినట్టు అడిగింది. తండ్రి దగ్గర పిల్ల బాగుంటుందని మీరు అనుకుంటున్నారా, అవునా, కాదా, అని.

‘తండ్రి దగ్గర బాగుంటుందని నా అనుమానం’ అన్నాను.

‘అంటే అవుననే కదా?’ అంది.

‘ఆ మాటకి ఇక్కడ ఏమర్థమో, అక్కడ ఏమర్థమో మా అల్లుడు మీకు చెప్పాడు. మీకు ఏది సరిపోతే అది రాసుకోండి’ అన్నాను.

అలా రాసుకోవడానికి వీల్లేదు, అవునో కాదో కావాలి అంది. నాలుగుసార్లు అడిగింది. నేను ఆ వాక్యంలో ఒక్క అక్షరం మార్చలేదు. చివరికి, క్షమించండి అని పెట్టేసింది. మంచి మనిషే.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. మా ఊరి మాటలో నేనన్నది నిజం. ఆవిడ మాటలో అది, పిల్ల నా దగ్గరే ఉండాలన్న నా కోరిక. రెండూ ఒకే వాక్యంలో పడతాయని నాకు తెలియదు. నువ్వే నేర్పావు.

ముందోసారి నేనే ఇచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇచ్చినందుకు నువ్వు నన్ను ఏమన్నావో నీకు గుర్తుందో లేదో. పొయ్యిలో వేయమన్నావు, వేశాను. చదివింది మాత్రం కాలదు. అలాంటి మాట పడ్డాక ఫోన్ పట్టుకుని ‘అవును’ అని రెండోసారి ఇచ్చేయడం నా వల్ల కాలేదు.

ఇంకొకటి. ఇష్‌బెల్‌ని తీసుకెళ్ళిన రోజు మీ మగవాళ్ళంతా శ్మశానానికి నడిచారు. ఆడవాళ్ళం రివాజు ప్రకారం ఇంట్లోనే ఉండి టీ కాచాం. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి శ్మశానం గోడ, గోడ పైనుంచి మీ టోపీలు కనిపించాయి. టోపీలు తీశారు, అందువల్ల దింపుతున్నారని తెలిసింది. పెట్టె తలవైపు తాడు భర్తదే కదా, అది నీ చేతిలో ఉంది. ఇష్‌బెల్‌ని కన్నది నేను, భూమిలోకి దింపింది నువ్వు. నేను దాని గురించి ఇవాళ్టిదాకా ఒక్క మాట అనలేదు. కానీ ఇంకోసారి కిటికీ దగ్గర నిలబడను. పిల్ల కావాలంటే వచ్చి నా ఎదురుగా నిలబడి తీసుకెళ్ళు. నాలుగు వేల మైళ్ళ అవతల ఒక ఆఫీసు నీకు అంటగడితే తీసుకోవడం కాదు.

యూనాని అడిగాను. ‘నాన్న ఎక్కడుంటే అక్కడ’ అంది. అది నాకు ఇష్టమై రాయడం లేదు. నేను అబద్ధాలాడనని నీకు తెలియాలి.

గ్రిజెల్ రేబర్న్

*

అయోవా
30 జనవరి

రేబర్న్ గారికి,

కమిటీ ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చింది. వాళ్ళని తప్పుపట్టను.

డ్వైట్‌కి చదువు మానేస్తున్నానని చెప్పాను. మే దాకా ఉంటే ఈ ఏడాదైనా లెక్కలోకి వస్తుంది, తర్వాత ఎప్పుడైనా వచ్చి పూర్తిచేసుకోవచ్చు అన్నాడు. మే దాకా ఉంటే నా కూతురికి నేను ఫోటోని అవుతాను అన్నాను. నేను లేచి వచ్చేటప్పుడు ఆయన ఒక సీసాలో ఇక్కడి మట్టి పోసిచ్చాడు. దాన్ని ఏం చేయాలో తెలియక గదిలోనే వదిలేస్తున్నాను.

మన దేశంలోనే, పెర్త్‌లో నేల పరీక్షల చోట పాత ఉద్యోగం ఇస్తామన్నారు. నా కింద పనిచేసినతని కింద. ఒప్పుకున్నాను. యూనా నాతో పెర్త్‌లో ఉంటుంది. సెల్‌కర్క్‌లో మేం ఉండం. మిమ్మల్ని చూడాలని అది అడిగినప్పుడు తీసుకొస్తాను. అడగమని చెప్పను, అడగొద్దనీ చెప్పను. ఇష్‌బెల్ ముఖం చూసి నేను చేయగలిగింది అంతే.

మీరు ఫోన్‌లో ‘అవును’ అని ఉంటే పిల్ల రెండేళ్ళు దూరంగా ఉండి, మళ్ళీ మీ వీధికే వచ్చేది. ఇష్‌బెల్, నేను అలాగే అనుకున్నాం. మీకు ఈ సంగతి చెప్పే అవకాశం రాలేదు. ఇప్పుడు చెప్పడం మిమ్మల్ని బాధపెట్టడానికే అనుకుంటే, అనుకోండి.

తాడు నా చేతిలో ఉందన్నారు. ఉంది. అది పట్టుకున్నందుకు నాకేదో దక్కిందని మీరు ఇన్నాళ్ళూ అనుకున్నారని నాకు తెలియదు.

తొమ్మిదో తేదీ ఉదయం ప్రెస్ట్‌విక్‌లో విమానం దిగుతాను. పిల్లని అక్కడికి తీసుకురావద్దు. సాయంత్రానికి నేనే మీ ఇంటికి వస్తాను, లోపలికి రాను. దాని సామాను సిద్ధంగా ఉంచండి. మీరు అడిగినట్టే మీ ఎదురుగా నిలబడతాను.

తలుపు మీరే తీయండి. పిల్లతో తీయించకండి. మనిద్దరం ఒకరినొకరం చూసుకునే మొదటి నిమిషం అది చూడకూడదు.

హ్యూ